అరమీసం కంటిన్యుటీ

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవగానే సెలూన్‌కి వెళ్లడం, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోవడం, కూతురు తీస్తున్న సినిమాలో గడ్డం గీయించుకునే మనిషిగా కాసేపు నటించడం, ఇంటికొచ్చి టిఫిను తిని ఆఫీసుకు వెళ్లిపోవడం. గడ్డం గీయించుకునే మనిషి గడ్డం గీయించుకునే మనిషిగా నటించడానికి ప్రతిభ ఎందుకు? గడ్డం ఉంటే చాలు. అందుకే ఆయన రెండు రోజులుగా గడ్డం పెంచి, పాత్రలో లీనమైపోయారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన కొట్టు గుమ్మం ఎక్కితే కాటా ముల్లు దానంతటదే మధ్యకొచ్చి సర్దుకుంటుందని బజారులో చెప్పుకునేవారు. ముల్లుకే అంత భయం ఉంటే ముల్లుని వంచినవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఆ భయంలో సగం ఆయన ఉద్యోగానిది, సగం ఆయన మీసానిది. ముక్కు కింద ఇటెంతో అటంతే. వెంట్రుక ఎక్కువ కాదు, తక్కువ కాదు. రోజూ అద్దం ముందు చిన్న స్కేలు పెట్టి మరీ సరిచూసుకునేవారు. బజారంతా ఆయనకు "త్రాసుమీసం" అని పేరు పెట్టింది. ఆ మాట చెవిన పడితే ఆయన కోపం నటించేవారు. నటన అక్కడే మొదలైందని ఆ తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

కూతురు సినిమా కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఓ చిన్న థ్రిల్లరు తీసి మర్నాడు సాయంత్రంలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే డిప్లొమా ఏడాది వెనక్కి పోతుంది. అదొక్కటే అయితే ఇంట్లో ఇంత హడావుడి ఉండేది కాదు. కాలేజీలో మాస్టారు కథ విని, "నీకు ఓపిక తక్కువమ్మా, సస్పెన్సు నీవల్ల కాదు, ఏదైనా కామెడీ తీసుకో" అన్నారట. అమ్మాయి ఆ మాట మర్చిపోయింది. నాన్న మర్చిపోలేదు. "నా కూతురికి ఓపిక లేదా? అది పుట్టడానికే అందర్నీ ఎంతసేపు వెయిట్ చేయించిందో ఆయనకేం తెలుసు!" అని ఇంట్లో మీసం మెలేశారు, రెండు వైపులా సమానంగా.

కథ చాలా తేలిక. గడ్డం గీసే మనిషి, కుర్చీలో కునుకు తీస్తున్న మనిషి. ఒకప్పుడు తన కొట్టుకి నిప్పు పెట్టినవాడు వీడేనని గీసేవాడు గుర్తుపడతాడు. చేతిలో కత్తి ఉంది, కత్తి కింద కంఠం ఉంది. ఉత్కంఠ అన్న మాటలో కంఠం ఊరికే చేరలేదు మరి.

సెలూన్‌కి ఆ రోజు వారపు సెలవు. తూర్పు వైపు అద్దం తలుపులోంచి పొద్దున్న ఎండ వాలుగా వచ్చి, సరిగ్గా కుర్చీ మీద కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోతుంది. ఆ ఎండ కోసమే అమ్మాయి ఈ సెలూన్‌ని పట్టుకుంది. కెమెరా మేనమామది. ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. ఏళ్ల తరబడి జనాన్ని నవ్వించి ఫోటోలు తీసిన అలవాటుతో, థ్రిల్లరులో కూడా కెమెరా ఆన్ చేయగానే "కొంచెం నవ్వండి బావగారూ" అంటున్నాడు.

"మావయ్యా! చావబోయేవాడు నవ్వుతాడా?"

"తెలియదు కదమ్మా వాడికి చావబోతున్నట్టు. నవ్వితే పోయేదేముంది?"

సెలూన్ యజమాని అందరికంటే ముందే వచ్చి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, రాత్రంతా బట్టీ పట్టిన డైలాగుని నోట్లో తిప్పుకుంటున్నాడు. "నన్ను గుర్తుపట్టావా?" అన్నది ఆ డైలాగు. దాన్ని అతను ఏడు రకాలుగా పలికి చూపించాడు. అన్ని రకాల్లోనూ అప్పు వసూలుకొచ్చినవాడిలాగే ఉన్నాడు.

"డైలాగు వద్దు బాబాయ్" అంది అమ్మాయి.

అతని ముఖం మాడిపోయింది. "ఒక్కటే కదమ్మా!"

"నువ్వు నోరు తెరిస్తే నీ మనసులో ఏముందో జనానికి తెలిసిపోతుంది. తెలిస్తే భయం పోతుంది. నువ్వు మాట్లాడకు, నిదానంగా గీస్తూ ఉండు. వీడు గడ్డమే గీస్తాడా, గొంతు గీస్తాడా అని వాళ్లే చావాలి."

"మరి నేను?" అన్నారు నాన్న, పాత్రకి సంబంధించిన లోతైన ప్రశ్నలా.

"నీకేమీ తెలియదు నాన్నా. కత్తి సంగతి చూసేవాళ్లకి తెలుసు, నీకు తెలియదు. అందుకే వాళ్లు కదులుతారు, నువ్వు కదలవు. కళ్లు తెరవకు, మాట్లాడకు. ఏమైనా సరే."

"ఏమైనా సరే" అని ఆయన మాట ఇచ్చారు. మాట మీద నిలబడే మనిషి. ఇప్పుడు మాట మీద కూర్చున్నారు.

అమ్మాయి అందరికీ ఆఖరి హెచ్చరిక చేసింది. "ఈ షాటు మధ్యలో తెంచను. తెంచితే చూసేవాళ్లు ఊపిరి తీసుకుంటారు. వాళ్లకి ఊపిరి ఇవ్వకూడదు. నేను ఆపమనేదాకా ఎవరూ ఆపొద్దు. బాబాయ్, ముఖ్యంగా నువ్వు." తెరమీద అందంగా ఉంటుందని నురగ కాస్త దట్టంగా పెట్టమంది. సెలూన్ యజమాని కళాహృదయుడు కాబట్టి చెవి నుంచి చెవిదాకా, గొంతు నుంచి ముక్కుదాకా దట్టించాడు. మబ్బులో కొండ మునిగినట్టు నురగలో మీసం మునిగింది.

షాటు మొదలైంది.

ఎండ కుర్చీ మీదికి వచ్చింది. మూలనున్న కుళాయి ఒక్కొక్క చుక్కే రాలుస్తోంది. కత్తి చెంప మీద కరకరమని దిగింది, ఆగింది, మళ్లీ దిగింది. గొంతు దగ్గర ఎంతసేపు ఆగిందంటే, షూటింగుకి టీ తెచ్చి, ఫ్లాస్కు మూతలో పోసుకుంటున్న అమ్మాయి తల్లి, మూత నిండి టీ చీర మీదికి పారుతున్నా చూసుకోలేదు. మేనమామ నవ్వమని అనడం మర్చిపోయాడు. ఆపమని చెప్పాల్సిన దర్శకురాలు తన షాటులో తానే చిక్కుకుని, తర్వాత ఏమవుతుందా అని నోరెళ్లబెట్టి చూస్తోంది. కథ రాసింది తానే అన్న సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తులేదు.

గడ్డం అయిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. ఆపకూడదని చెప్పారు కదా అని సెలూన్ యజమాని చేయి పైకి జరిగింది. నురగ ఉన్నచోట కత్తి నడపడం అతని వృత్తి. పెదవి పైన చల్లగా తగిలినప్పుడు నాన్నగారికి అనుమానం రాకపోలేదు. కానీ 'ఏమైనా సరే' అన్నది తన మాట. పైగా అమ్మాయి చూస్తూనే ఉంది కదా, ఆపాల్సొస్తే ఆపదా అని ధైర్యం. సెలూన్ యజమానికీ అదే ధైర్యం. ఇలా అందరూ ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకుని, హాయిగా, నిదానంగా, కళాత్మకంగా...

"అయ్యో, మీసమండీ!" అని తల్లి పెట్టిన కేకకి ఫ్లాస్కు కింద పడింది.

కత్తి ఆగింది. నాన్నగారు కళ్లు తెరిచారు. ఎదురుగా అద్దం. అద్దంలో కుడివైపు ఆయన పూర్వవైభవం, ఎడమవైపు నున్నటి మైదానం. అప్పటిదాకా అది మీసం. ఇప్పుడు మీ సగం.

సెలూన్ యజమాని ముఖాన నెత్తురు చుక్క లేదు. "సార్... ఆపమనలేదు సార్... నేను డైలాగన్నా చెప్పుకుని ఉంటే ఆగేవాణ్ణి సార్..." అంటూనే కత్తి మళ్లీ ఎత్తాడు. "ఒక్క నిమిషం సార్, అటువైపు కూడా తీసేసి తూకం సరిచేసేస్తాను."

"చెయ్యి తియ్యి బాబాయ్!" అమ్మాయి కెమెరా వెనకనుంచి ఒక్క గెంతు గెంతి అడ్డం నిలబడింది. "ఆ సగాన్ని ఎవరూ ముట్టుకోవద్దు!"

క్షమాపణ చెబుతుందేమోనని నాన్నగారు కాసేపు ఎదురుచూశారు. ఆమె కెమెరా తెరలో షాటు చూసుకుంటోంది. కళ్లు మెరిసిపోతున్నాయి. "నాన్నా, అద్భుతం! ఎక్కడా తెగలేదు. కానీ ఎండ గోడమీదికి వెళ్లిపోయింది. క్లోజప్పులు రేపు పొద్దున్న ఇదే ఎండలో తీయాలి. కాబట్టి రేపటిదాకా..." గొంతు తగ్గించింది. "ముఖం ఇలాగే ఉండాలి. కంటిన్యుటీ."

"అంటే?"

"ఇవాళ తీసిన ముక్కా రేపు తీసే ముక్కా ఒకదాని పక్కన ఒకటి అతకాలి కదా నాన్నా. ఇవాళ సగం మీసం, రేపు బోడి మూతి అయితే జనం నవ్వుతారు."

"ఇవాళ ఆఫీసులో నవ్వరా? పెద్దసారు వస్తున్నారు. మధ్యాహ్నం వ్యాపారస్తుల మీటింగు. మాట్లాడాల్సింది నేను."

"దేని గురించి బావగారూ?" అన్నాడు మేనమామ, వాతావరణం తేలికపరుద్దామని.

"రెండు పళ్లేలూ సమానంగా ఉండటం గురించి."

మూలన కుళాయి చుక్క టప్పుమంది. తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో ఆమె ఇప్పటికీ చెప్పలేదు. అమ్మాయి తల వంచుకుంది. "పోనీలే నాన్నా. తీయించేసుకో. ఇంకో ఏడాది చదువుతాను. మాస్టారు చెప్పినట్టు కామెడీ..."

ఆ మాట ఆయనకు కత్తికన్నా పదునుగా తగిలింది. "ఆ షాటు నిజంగా బాగా వచ్చిందా?"

"నీ మీద ఒట్టు నాన్నా. అమ్మ చీర మీద టీ ఒలికినా అమ్మకే తెలియలేదు."

ఆయన కుర్చీలోంచి లేచారు. ఛాతీ విరుచుకుని, అలవాటు ప్రకారం మీసం మెలేయబోయారు. ఎడమచేతికి గాలి దొరికింది. ఆ గాలినే గంభీరంగా మెలేసి, "రుమాలివ్వండి" అన్నారు.

ఆఫీసులో గుమాస్తా అనే జీవి ఒకడున్నాడు. పని తక్కువ, పరిశీలన ఎక్కువ. ఇన్‌స్పెక్టరు గారు ముక్కు కింద తెల్ల రుమాలు అదిమిపట్టుకుని గదిలోకి వెళ్లడం చూసి, వెనకే వెళ్లి నిలబడ్డాడు.

"ఏమైంది సార్?"

"పన్ను నొప్పి."

"పన్ను నొప్పయితే దవడ పట్టుకుంటారు కదా సార్? మీరు ముక్కు కింద పట్టుకున్నారేంటి?"

"ముందు పన్ను."

"ముందు పన్నా!" గుమాస్తా కళ్లు పెద్దవయ్యాయి. "ముందు పన్ను ఊరికే నొప్పెట్టదు సార్. ముందు పన్నుకి ఏదో ఒకటి వచ్చి తగలాలి."

"నువ్వు వెళ్లు."

వెళ్లమన్నది తన కుర్చీలోకి. గుమాస్తా వెళ్లింది టీ కొట్టుకి. నిన్ననే సారు బియ్యం కొట్టు ఆసామి కాటాని పట్టుకున్నారు. ఆ ఆసామి చెయ్యి చూస్తే తలుపంత ఉంటుంది. సారు ముందు పన్ను చూస్తే రుమాలు కింద ఉంది. ఇక కలుపుకోవడానికి ఎంతసేపు? టీ కొట్టులో పన్ను ఊగింది. కూరగాయల వీధికి వచ్చేసరికి రాలింది. నూనె కొట్ల దాకా వెళ్లేసరికి దవడ విరిగింది, పెదవికి కుట్లు పడ్డాయి, బజారు మొత్తాన్ని జల్లెడ పట్టడానికి పోలీసులు బయల్దేరారు.

ఈలోగా అమ్మాయి ఆఫీసుకొచ్చింది. కారణం పన్ను కాదు, కంటిన్యుటీ. చెమటకి ఆ సగం ఎక్కడ వాలిపోతుందో, నాన్న మనసు మార్చుకుని ఎక్కడ నున్నగా తీయించేసుకుంటారోనని కాపలాకొచ్చింది. టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి, మూలనున్న స్టూలు మీద కూర్చుంది.

అప్పుడు తలుపు దగ్గర బియ్యం కొట్టు ఆసామి కనిపించాడు. తలుపంత చేతులతో గోనెసంచి ఒకటి మోసుకొచ్చాడు.

"సార్, నేను కాదు సార్! నిన్న నాలుగు మాటలన్న మాట నిజమే. చెయ్యి మాత్రం చేసుకోలేదు. మీకు తెలుసు కదా సార్?"

ఇన్‌స్పెక్టరు గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమిటయ్యా అని అడుగుదామంటే నోరు కదిపితే రుమాలు జారుతుంది. కాబట్టి ఊరికే చూశారు. రుమాలు పైన రెండు కళ్లు, కింద ఏముందో తెలియదు. ఫ్యాను కిర్రుమంటోంది.

"అలా చూడకండి సార్!"

ఆయన ఇంకాస్త చూశారు. వేరే పనేముంది?

"సరే సార్, సరే! చెప్పేస్తాను." ఆసామి గోనెసంచి బోర్లించాడు. తూకం రాళ్లు దొర్లాయి. "అన్నీ లోపల బోలుగా తొలిపించినవే సార్. నిన్న మీకు దొరకనివి కూడా ఇందులో ఉన్నాయి. పోలీసులకి మాత్రం చెప్పకండి."

"ఊఁ" అన్నారు ఆయన. అంతకన్నా పెద్ద మాట రుమాలు ఒప్పుకోదు.

ఆ 'ఊఁ'ని ఆసామి "ఇంతేనా?" అన్న అర్థంలో తీసుకున్నాడు. "నేనొక్కణ్ణేనా సార్? నూనె కొట్టాయన కొలత డబ్బాకి అడుగు మీద ఇంకో దొంగ అడుగు!" అనేసి బయటికి పరుగెత్తాడు. కాసేపటికి నూనె కొట్టాయన తన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని వెనక బట్టల కొట్టాయన, కాస్త పొట్టిగా పుట్టిన మీటరు కర్రతో వచ్చాడు. కూరగాయలావిడ అయస్కాంతం అతికించిన పళ్లెం పట్టుకొచ్చింది. ఒక్కొక్కరూ లోపలికి రావడం, ఏదో బుకాయిద్దామని నోరు తెరవడం, రుమాలుని చూడటం, ఆ మౌనాన్ని కాసేపు భరించడం, భరించలేక చేతిలోది బల్ల మీద పెట్టేసి బయటపడటం. బల్ల నిండింది. నేల నిండింది. ఏళ్ల తరబడి బజారంతా తిరిగినా దొరకని దొంగ తూకాలన్నీ సొంత కాళ్ల మీద నడిచి వచ్చినట్టు ఆఫీసుకొచ్చాయి.

"నాన్నా," అంది అమ్మాయి స్టూలు మీదినుంచి గుసగుసగా, "నువ్వసలు ఏమీ చెయ్యట్లేదు!"

"చేస్తే రుమాలు జారుతుంది" అన్నారు ఆయన రుమాలులోంచి.

ఆమె మాత్రం ఆ తర్వాత నాన్న ముఖం చూడటం మానేసింది. వచ్చినవాళ్ల ముఖాలు చూడటం మొదలుపెట్టింది.

పెద్దసారు కారు దిగేసరికి ఆఫీసు ముందు తిరునాళ్లంత జనం. దారిలో ఆయన చెవిన పడిన కథ అప్పటికి చాలా పెద్దదయింది. గదిలోకి వస్తూనే, "ఉన్నారా?" అన్నారు. ఉన్నారని కళ్లతో చూశాక గొంతులోకి అధికారం వచ్చింది.

"ఎవరు కొట్టారు మిమ్మల్ని?"

"ఎవరూ... కొట్టలేదు సార్" అని రుమాలు సమాధానం చెప్పింది.

"భయపడకండి. ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకుంటే నేనూరుకోను." పెద్దసారు వెనక్కి తిరిగి జనాన్ని చూశారు. అందరి వేళ్లూ బియ్యం కొట్టు ఆసామి వైపు తిరిగాయి. ఆ భారీ మనిషి గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఫోన్ చేసి పోలీసుల్ని పిలుస్తున్నాను. ముందు గాయం చూడాలి. రుమాలు తియ్యండి."

"సార్..."

"తియ్యండి. ఇది ఆర్డరు."

"తీసేయండి సార్" అని గుమాస్తా చెవిలో ఊదాడు. "సస్పెన్సు ముదిరితే సస్పెన్షనే."

ఇన్‌స్పెక్టరు గారు కూలబడ్డ ఆసామి వైపు చూశారు. అతను దొంగ తూకం మనిషే. కానీ చెయ్యని తప్పుకి జైలుకి పంపడం కూడా దొంగ తూకమే కదా. ఇటు చూస్తే మూల స్టూలు మీద కూతురు. గదిలో ఇంకో మార్గం లేదు. ముఖం చూపించాలి, మీసం ఎందుకలా ఉందో చెప్పాలి. చెప్పాక, "వెళ్లి నున్నగా గీయించుకురండి" అని పెద్దసారు ఇంకో ఆర్డరు వేస్తే? కూతురు ఏడాది చదువు ఆ సగం వెంట్రుకల మీద వేలాడుతోంది.

ఆయన కూతురి కళ్లలోకి చూశారు. ఆమె తల ఊపింది. ఆ తర్వాత, దర్శకురాలు కదా, చేత్తో చిన్న సైగ చేసింది. మెల్లగా.

ఆయన మెల్లగా లేచారు. మెల్లగా చెయ్యి దించారు. రుమాలు అంచు కదిలింది, ఆగింది. ఫ్యాను ఒక చుట్టు తిరిగింది. పెద్దసారు తనకు తెలియకుండానే ముందుకి వంగారు. గుమాస్తా కాళ్ల మునివేళ్ల మీద లేచాడు. రుమాలు జారింది.

గుమాస్తా మడమలు నేలకి దిగాయి.

"ఇదేమిటి?" అన్నారు పెద్దసారు.

"అరమీసం సార్."

"అది కనపడుతూనే ఉంది. మిగతాది?"

"షూటింగులో పోయింది సార్. ఈ సగం రేపు పొద్దుటిదాకా ఉండి తీరాలి."

"ఎవరన్నారు?"

అప్పుడాయన నిటారుగా నిలబడ్డారు. ఉన్న సగం మీసమూ లేని సగంతో కలిసి నిక్కబొడుచుకుంది. "దర్శకురాలు సార్. మా అమ్మాయి! సస్పెన్సు సినిమా తీస్తోంది. షాటు ఎంత బాగా వచ్చిందంటే, మీసం పోతుంటే ఆపాలని ఒక్కరికీ తోచలేదు సార్. మీరు కావాలంటే నన్ను ఇంటికి పంపండి, ఈ మీసాన్ని మాత్రం రేపటిదాకా ఉంచండి."

ముందు నవ్వింది కూరగాయలావిడ. తర్వాత గది మొత్తం పగలబడి నవ్వింది. బియ్యం కొట్టు ఆసామి అందరికన్నా గట్టిగా నవ్వి, కళ్లు తుడుచుకుని, "అయితే పోలీసులు లేరన్నమాట! మా రాళ్లు మాకిచ్చెయ్యండి సార్, వెళ్లిపోతాం" అన్నాడు.

"రాళ్ల మీద చెయ్యి పడితే ఊరుకోను" అన్నారు పెద్దసారు. ఆయన అప్పుడే కింద గుట్టని గమనించారు. పోస్టర్లు అంటించారు, మైకులు పెట్టించారు, ఊరేగింపులు తీయించారు. ఇన్ని దొంగ తూకాలు ఒకచోట ఏనాడూ చూడలేదు. గుట్టవైపు, మీసం వైపు, మళ్లీ గుట్టవైపు చూసి, చివరికి స్టూలు దగ్గరికి వెళ్లారు.

"ఏమ్మా, ఆ సినిమాలో చివరికి ఏమవుతుంది?"

"చెప్పకూడదండీ."

"నేను జాయింట్ డైరెక్టర్ని."

"నేను డైరెక్టర్నండీ."

పెద్దసారు ఆలోచించి చూస్తే, హోదాలో ఆమే పైన ఉంది. "రేపు పొద్దున్న షూటింగు ఎక్కడ?" అని మాత్రం అడిగారు. మధ్యాహ్నం మీటింగులో ఇన్‌స్పెక్టరు గారు రెండు పళ్లేలూ సమానంగా ఉండటం గురించి అరమీసంతోనే మాట్లాడారు. ఆ శాఖ చరిత్రలో ఎవరూ కునుకు తీయని మీటింగు అదొక్కటే.

మర్నాడు పొద్దున్న సెలూన్ ముందు బజారు బజారంతా ఉంది. పెద్దసారికి కుర్చీ వేశారు. ఇన్‌స్పెక్టరు గారు జేబు రుమాలు తీసి, అపురూపంగా కాపాడుకొచ్చిన అరమీసాన్ని కెమెరా వైపు తిప్పి కూర్చున్నారు. "నవ్వండి బావగారూ" అన్నాడు మేనమామ. ఈసారి ఆయన నవ్వారు కూడా.

"నాన్నా," అంది అమ్మాయి, కాస్త తడబడుతూ, "ముఖం వద్దు."

"ఏమిటి?"

"ముఖం అక్కర్లేదు. నీ చెయ్యి చాలు."

"చెయ్యా?"

"నిన్న ఇంటికెళ్లి షాటు మళ్లీ చూసుకున్నాను. మీసం ఎగిరిపోయే చోట నాకే నవ్వొచ్చింది. అన్నీ చూపించేశాను నాన్నా, అదే తప్పు. నిన్న ఆఫీసులో రుమాలు ఉన్నంతసేపూ అందరూ వణికారు. రుమాలు తీశావు, నవ్వారు. కనపడనిదాన్ని ఎవరికి వాళ్లే వాళ్లకి చేతనైనంత భయంకరంగా ఊహించుకుంటారు. అందుకే నీ ముఖం చూపించను. కుర్చీ చేతి మీద నీ చెయ్యి, అద్దంలో బాబాయ్ కళ్లు, కత్తి చప్పుడు, కుళాయి చుక్క. అంతే."

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలోంచి సగం లేచారు. "మరి నిన్నంతా నేను మోసిన ఈ సగం మీసం?"

"రీసెర్చ్ నాన్నా."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూశారు. నిన్న తీసిన అంత పెద్ద షాటుని, తనకు అంత ఇష్టమైన షాటుని, బాగాలేదని తానే తెంచి పారేసిన పిల్ల. దీనికా ఓపిక లేదన్నది? ఆయన వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టారు.

"చేతిని వదులుగా ఉంచు. నిద్రపోతున్నావు కదా. మిగతాది దానంతటదే వస్తుంది."

ఎలా వస్తుందో ఆయన అడగలేదు. కెమెరా తిరిగింది. ఎండ వచ్చి చేతిమీద కూర్చుంది. చేతివేళ్లు నిద్రపోతున్నట్టు వదులుగా ఉన్నాయి. కాసేపటికి అమ్మాయి నిశ్శబ్దంగా సెలూన్ యజమానికి వేలితో సైగ చేసింది. కత్తి చల్లగా పెదవి పైకి వచ్చింది. కుడివైపు.

ఈసారి ఆయనకు తెలుసు. 'ఏమైనా సరే' అన్నది మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. గొంతు కదల్లేదు, కళ్లు తెరవలేదు. కానీ చెయ్యి? ఒక్కొక్క వేలే ముడుచుకుంది. కణుపులు తెల్లబడ్డాయి. చేతిలో నరాలు తాళ్లలా లేచాయి. కుర్చీ తోలు కిర్రుమంది. పెద్దసారు తన కుర్చీ చేతిని అంతే గట్టిగా పట్టుకున్నారు. దర్శకురాలు ఈసారి నోరెళ్లబెట్టలేదు. ఎక్కడ ఆపాలో అక్కడే ఆపింది. అప్పటికి మీసం రెండు వైపులా సమానంగా ఉంది, అంటే రెండు వైపులా లేదు.

సినిమా సాయంత్రం వేళకి మాస్టారి చేతిలో పడింది. ఆ వారంలోనే కాలేజీ హాల్లో వేశారు, చూడటానికి బజారంతా కదిలొచ్చింది. తెరమీద సెలూన్ యజమాని కళ్లు ఒక్క డైలాగు లేకుండా చూశాయి, కుళాయి చుక్క రాలింది, కత్తి ఎక్కడుందో కనపడలేదు. నిద్రపోతున్నాడనుకున్న మనిషి వేళ్లు మెల్లగా బిగుసుకున్నాయి. వీడు మొదట్నుంచీ మెలకువగానే ఉన్నాడు, వీడికి అంతా తెలుసు అన్నది హాలంతటికీ ఒకేసారి తట్టింది. ఎవరో "అమ్మో" అన్నారు. అది మాస్టారు.

దీపాలు వెలిగాక ఆయన లేచి, అమ్మాయి దగ్గరికి వచ్చి, "నీ ఓపిక గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అన్నారు. తర్వాత చుట్టూ చూశారు. "ఆ చెయ్యి ఎవరిది? ఎక్కడ నేర్చుకున్నారు నటన?"

బజారు జనం, గుమాస్తా, పెద్దసారు అందరూ వెనక్కి తిరిగి త్రాసుమీసం కోసం వెతికారు. కళ్లు అలవాటుగా మీసాన్నే వెతకడంతో, మీసం లేని ఆ మనిషి ఎవరికీ ఆనలేదు. మూడో వరసలో కళ్లు తుడుచుకుంటున్న ఒక బోడి మూతి పెద్దమనిషి లేచి నిలబడి చెయ్యి పైకెత్తారు. హాలంతా చప్పట్లు. మేనమామ ఆ చేతిని ఫోటో తీశాడు, నవ్వమని కూడా అన్నాడు.

మీసం మళ్లీ మొలిచింది, ఇటెంతో అటంతే. అయితే ఇప్పుడు బజారులో ఎవరెదురుపడ్డా ఆయన దాన్ని మెలేయడం లేదు, ముందు చెయ్యి చూపిస్తున్నారు.